ఉతికే ముందు

ఆ ఏడాది వానలూ ఆ పిల్లా ఒకే వారంలో వచ్చారు. వానలంటే మా లాండ్రీ వాళ్ళకి ఎలాగూ గుండె దడే. గుడ్డలు ఆరవు, ఆరినవి ముక్క వాసన వేస్తాయి, వాసన వేసినవి తిరిగొస్తాయి. ఆ బెంగ నాకు ఇరవై రెండేళ్ళుగా అలవాటే. పిల్ల బెంగే కొత్త.

ఇంట్లో చూసుకునే దిక్కులేని పిల్లల్ని కొన్నాళ్ళు మన దగ్గర పెట్టుకుని చూసుకునే పనికి నేనూ మా ఆయనా పేర్లిచ్చి ఏడాదయింది. ఎనిమిది శనివారాల శిక్షణ పూర్తయ్యాకే పిల్లల్ని పంపుతామన్నారు. తీరా శిక్షణ మొదలుకాక ముందే పిల్లల సంక్షేమ ఆఫీసు నుంచి ఫోను. "పదేళ్ళ ఆడపిల్లండీ. ఇవాళే చోటు కావాలి. క్లాసుల సంగతి పక్కన నడుస్తుంది లెండి," అంది ఆఫీసరమ్మ. మా ఆయన తడి చొక్కా చేత్తో పట్టుకునే తల ఊపేశాడు, ఫోనులో ఆవిడకి కనిపిస్తుందన్నట్టు.

పిల్ల ఒక స్కూలు సంచీ, ఒక ప్లాస్టిక్ కవరూ పట్టుకుని వచ్చింది. షాపు మీద మా రెండు గదులూ చూపించాం. ఏది చూపించినా "సరే" అంది. ఆఫీసరమ్మ వెళ్తూ వెళ్తూ మెట్ల దగ్గర నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించింది. "పెంచిన అమ్మమ్మ పోయి ఏడాదిన్నర. మీది ఐదో ఇల్లు. వానాకాలం అయ్యేలోపు కుదురుకోకపోతే ఇంక మా చేతుల్లో ఏం ఉండదు. వేరే ఊళ్ళో పెద్ద హాస్టలు ఉంది, అరవైమంది పిల్లలు. అక్కడికే." ఆ అరవై అనే అంకె ఆ మూడు నెలలూ నా చెవిలో గింగురుమంటూనే ఉంది.

మర్నాడు పిల్లని స్కూల్లో దింపి వచ్చి, నాకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతిలో దాన్ని ఇంట్లోకి ఆహ్వానించాను. ఆ కవరులో ఉన్నవన్నీ ఉతికాను. నాలుగు గౌన్లు, ఒక స్వెట్టరు, ఒక దిండు గలీబు. ఏ గుడ్డయినా నీళ్ళలో వేసే ముందు ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకోవడం నా అలవాటు. ఏ మరకకి ఏ సబ్బో కన్ను కంటే ముక్కే ముందు చెబుతుంది. గలీబు పని పట్టడానికి పూట పట్టింది. రెండుసార్లు నానబెట్టి, జిడ్డు మందు పోసి, మెత్తటి బ్రష్షుతో రుద్ది, మూడు నీళ్ళలో జాడించి, గంజి పెట్టి ఇస్త్రీ చేశాను. బూడిద రంగులో వచ్చింది నీలంగా తేలింది. అంచు వెంట సన్నటి తెల్లపూలు ఉన్నాయని అప్పుడుగాని తెలియలేదు. మా ఆయన్ని పిలిచి మరీ చూపించాను.

సాయంత్రం పిల్ల వచ్చి మంచం మీద మడతపెట్టి ఉన్న గలీబుని చూసింది. తీసి మొహానికి ఆనించుకుంది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత ఎక్కడ తీసిందో అక్కడే పెట్టేసి "సరే," అంది. అప్పటికి నేను దాన్ని ఏమీ అడగలేదు. నచ్చిందనుకుని మురిసిపోయాను. తలుచుకుంటే ఇప్పటికీ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఆ మర్నాటి నుంచి పిల్ల మంచం మీద పడుకోవడం మానేసింది. పొద్దున్నే బాయిలరు వెలిగించడానికి నేను లేచేసరికి, తలుపుకి వీపు ఆనించి, బూట్లతో సహా కూర్చునే నిద్రపోతూ కనిపించేది. దిండు కాళ్ళ వైపు గోడకి తోసి ఉండేది. గంజి పెట్టిన గలీబు మడత విప్పకుండా సంచీ అడుగుకి వెళ్ళిపోయింది. పెట్టింది తినేది, కానీ సగం బ్రెడ్డు జేబులోకి పోయేది. చదువుకో అంటే సరే. ఆడుకో అంటే సరే. వద్దు అన్న మాట ఆ నోట రాలేదు. మొదట్లో ఇంత బుద్ధిమంతురాలేమిటా అనుకున్నాను. పది రోజులకి ఆ సరే వినాలంటేనే భయం పట్టుకుని, దాన్ని ఏదైనా అడగడమే తగ్గించాను.

శుక్రవారం శుక్రవారం ఒక ఫారం నింపాలి, శనివారం క్లాసులో ఇస్తే అది సంక్షేమ ఆఫీసుకి వెళ్తుంది. నిద్ర, తిండి, మాట, చదువు అని నాలుగు గళ్ళు, కింద ఇతర విషయాలు. నిద్ర గడిలో 'ఫరవాలేదు' అని రాశాను. తలుపు దగ్గరైనా నిద్ర నిద్రే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

శిక్షణేమో ఆ ఆఫీసు మేడ మీద, ప్లాస్టిక్ కుర్చీల గదిలో. చెప్పేది పిల్లల వార్డులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన నర్సమ్మ. సన్నటి గొంతు, సూదిలాంటి చూపు. "పిల్లల మనసుకి దెబ్బ తగిలితే నోటితో చెప్పరు," అనేది. "కడుపునొప్పిగా చెబుతారు, దొంగతనంగా చెబుతారు, మరీ మంచితనంగా కూడా చెబుతారు. మీరు డాక్టర్లు కానక్కర్లేదు. చెప్పింది చెవిన పడేలా ఉంటే చాలు." మా పన్నెండుమందిలో ఒక బస్సు డ్రైవరు ఉండేవాడు, మనిషి నిలువెత్తు. ఆయన్ని బల్ల కింద దాక్కున్న పిల్లాడిగా చేసి, నన్ను ఓదార్చమంది. నేను వంగి "నీకు ఎలా అనిపించినా తప్పు లేదు నాన్నా," అన్నాను. బల్ల కింద నుంచి ఆ డ్రైవరు నిజంగానే ముక్కు చీదాడు. నాకు ధైర్యం వచ్చింది.

ఆ సాయంత్రమే ఆ మాట పిల్ల మీద ప్రయోగించాను. అది చేతిలో పెన్సిలు పక్కన పెట్టి నన్ను జాలిగా చూసింది.

"ఇది రెండో వారంలో చెప్తారు కదా ఆంటీ?"

"ఏది?"

"ఈ మాట. మూడో ఇంట్లో ఆంటీ కూడా క్లాసుకి వెళ్ళేది. ఐదో వారంలో ఇల్లు బొమ్మ గీయించమంటారు. నేను ఇప్పుడే గీసిచ్చెయ్యనా?"

"మేనేజరు గారికి సిలబస్ అంతా వచ్చేసిందే," అని మా ఆయన నవ్వాడు. వచ్చిన రోజు నుంచీ దాన్ని మేనేజరు గారనే పిలిచేవాడు. నాకు నవ్వు రాలేదు. చేతిలో ఉన్న ఒక్క పనిముట్టూ మొండిదని తేలిపోయాక ఏం నవ్వుతాం.

నాలుగో శనివారం నర్సమ్మ ఒక బుట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో ఒక చిరిగిన దుప్పటి ముక్క, చెవి లేని బొమ్మ, ఎవరిదో మగవాళ్ళ బనీను. వార్డులో పిల్లలు వదిలి వెళ్ళినవట.

"ఇవాళ ఒకటే పాఠం," అంది. "పిల్ల వెంట వచ్చిన గుడ్డ ఎంత మాసి ఉన్నా, పిల్లని అడగకుండా ఉతకొద్దు. మనకి అది మురికి. వాళ్ళకి అందులో మనిషి ఉంటుంది. అమ్మ వాసన, అమ్మమ్మ వాసన. పోయినవాళ్ళయితే అది ఇంక ఎక్కడా దొరకదు."

బస్సు డ్రైవరు చెయ్యెత్తాడు. "పొరపాటున ఉతికేస్తే ఏం చెయ్యాలి మేడం?"

"చేసేదేం లేదు. తెలియకుండా చేశాం అని పిల్లకి చెప్పడమే. దాచిపెడితే మాత్రం, పిల్లకి ఉన్నదీ పోయింది, మీరూ పోయారు."

నా చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాను. సోడాకి పగిలిన వేళ్ళు. జిడ్డు మందు, మెత్తటి బ్రష్షు, మూడు నీళ్ళు. ఆ తర్వాత నర్సమ్మ ఏం చెప్పిందో ఒక్క ముక్క నా తలకెక్కలేదు. క్లాసు అయ్యాక ఆవిడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. "ఏమ్మా?" అంది. "వాన తగ్గిందేమోనని," అని నీళ్ళు నమిలి వచ్చేశాను.

వ్యానులో మా ఆయనకి చెప్పాను. ఆయన వైపర్ల వేగం పెంచాడు.

"అంటే ఇదంతా మనం..."

"మనం కాదు. నేను."

"ఆవిడకి చెప్పావా?"

"లేదు."

"మంచి పని చేశావు. చెబితే ఫారం ఎక్కుతుంది. ఫారం ఎక్కితే పిల్ల హాస్టలెక్కుతుంది." మందుల షాపు ముందు వ్యాను ఆపి దిగాడు. వచ్చేటప్పుడు చేతిలో నాలుగు రకాల నొప్పుల బామ్ సీసాలు, రెండు తలనూనె సీసాలు. "నీ ముక్కుకి గుర్తుంటుందిగా. అదేమిటో నువ్వు చెప్పు, మళ్ళీ తయారు చేసేద్దాం. పిల్లకి కావలసింది వాసనేగా."

తిట్టాలి. తిట్టలేదు. నాకూ ఆశ పుట్టింది.

సోమవారం మధ్యాహ్నం, పిల్ల స్కూల్లో ఉండగా, ఇస్త్రీ బల్ల మీద పాత గలీబు ఒకటి పరిచి ఆ పనే చేశాం. బామ్ ఏదో మొదటి సీసాకే దొరికింది. నూనె రెండోది. రాసి, చేత్తో నలిపి, వెచ్చబడేదాకా ఇస్త్రీ పెట్టె దగ్గర పెట్టాను. చాలావరకు అదే. ఇంకొకటేదో తక్కువైంది, ఘాటుగా ఉండేది, అదేమిటో పట్టుబడలేదు. "పదేళ్ళ పిల్లకి అంత తేడా ఏం తెలుస్తుంది," అంటున్నాడు మా ఆయన. చూస్తే గొడుగు దులుపుతూ పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. వాన ఎక్కువైందని స్కూలు ముందే వదిలేశారట.

అది సీసాలని చూసింది. గలీబుని చూసింది. నా మొహం చూసింది.

"తలనొప్పా ఆంటీ?" అంది.

"అవును మేనేజరు గారూ, ఆంటీకి పొద్దుటి నుంచీ ఒకటే తలనొప్పి," మా ఆయన వెంటనే అందుకున్నాడు.

నేనూ ఊ అంటే సరిపోయేది. పిల్లే దారి చూపించింది. నా నాలుక మీదికి వచ్చేసింది కూడా.

"తలనొప్పి కాదమ్మా," అన్నాను. "నువ్వు వచ్చిన మర్నాడు నీ గలీబు ఉతికేశాను. అది మీ అమ్మమ్మదని నాకు తెలియదు. నిన్ను అడగనైనా అడగలేదు. మొన్న క్లాసులో విన్నాకే నేనెంత పని చేశానో అర్థమైంది. అర్థమై రెండు రోజులైనా నీకు చెప్పలేదు. పైగా ఇదిగో, ఈ సీసాలతో దొంగది ఒకటి తయారు చేసి పెడదామనుకున్నాం. అదీ తప్పే."

మా ఆయన ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీసి, తీసిన ప్లగ్గు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"సరే," అంది పిల్ల. మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.

అంతే. ఏడవలేదు, అరవలేదు. చెబితే బరువు దిగుతుందంటారు. నాకు దిగలేదు. చెప్పి చెడగొట్టానా, ఆ కాస్త ఆశా నా నోటితోనే తుడిచేశానా అని మర్నాటిదాకా గింజుకున్నాను.

మర్నాడు సాయంత్రం లాడ్జి వాళ్ళ దుప్పట్లు ముప్ఫై, ఇస్త్రీ చేసి మడతపెట్టి, బండి మీద పేర్చి గుమ్మం దగ్గర ఉంచాం. వ్యాను వెనక తలుపు తెరుద్దామని మా ఆయన బయటికి వెళ్ళాడు. పిల్ల మెట్లు దిగి వచ్చింది. బండి పట్టుకుంది. రెండు చేతులతో ఒక్క తోపు తోసింది. బండి గుమ్మం దాటి, మెట్టు దిగి, వీధిలోని బురదనీళ్ళలో బోర్లా పడింది. తెల్లటి దుప్పట్లు ఒక్కొక్కటిగా విచ్చుకున్నాయి.

"ఉతుక్కోండి," అంది. దాని గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. "మీకు ఉతకడం ఇష్టం కదా. ఉతుక్కోండి. అన్నీ ఉతుక్కోండి."

గొడుగులతో పోయేవాళ్ళు ఆగిపోయారు. మా ఆయన గబగబా పిల్ల వైపు వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. నాలుగు శనివారాలు నేర్చుకున్న దాంట్లో ఒక్క మాటా గుర్తు రాలేదు. నాకు తెలిసింది గుడ్డలు ఏరడమే, వెళ్ళి ఏరాను. చేతికొచ్చిన మొదటి దుప్పటి అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. బురద, కాస్త బండి ఆయిలు. ఆయిలంటే చన్నీళ్ళు పనికిరావు. అలా అనుకుంటూ మోపు ఎత్తుకుని లోపలికి వచ్చి నీళ్ళ తొట్టి ముందు కూర్చున్నాను. పిల్ల ఎప్పుడు వచ్చిందో, రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. ఇంకా రొప్పుతోంది.

"వాసన ఎందుకు చూస్తారు?"

"ఏ సబ్బు వెయ్యాలో తెలుస్తుందని."

"అన్నీ చూస్తారా?"

"అన్నీ చూస్తాను."

తొట్టిలో నీళ్ళు నిండుతున్నాయి. అది నీళ్ళ వైపే చూస్తూ అడిగింది. "నాది ఉతికే ముందు చూశారా?"

"చూశాను."

"ఏం వాసన?"

నేను కుళాయి కట్టేశాను. కస్టమరు గుడ్డకి చెప్పినట్టే చెప్పాను, నాకు ఇంకోరకంగా చేతకాదు. "మొదట బామ్. పాతదీ కొత్తదీ కలిసి, రోజూ రాసుకునే మనిషిది. దాని కింద తలనూనె, ఒకవైపు ఎక్కువ. ఎడమవైపు తిరిగి పడుకునేవారనుకుంటా. తర్వాత కొంచెం పొయ్యి పొగ. ఇంకొకటి ఉంది, ఘాటుగా, ఎండుటాకులా. అదేమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు."

"ముక్కుపొడుం," అంది పిల్ల. "డాక్టరు వద్దన్నాడు. డబ్బా దిండు కింద దాచుకునేది. ఎవరికీ చెప్పొద్దనేది నాతో. నేను చెప్పలేదు." తొట్టి నీళ్ళలో వేలు ముంచింది. "ఇంకా?"

"ఇంకోవైపు ఉప్పు. గుడ్డ మీద తెల్లగా చారలు కట్టి ఉంది. అది ఆవిడది అయ్యుండదు, ఆ చారలు కొత్తవి."

"అది నాది," అంది.

నేను ఒళ్ళోకి తీసుకోలేదు. భయమేసింది, మళ్ళీ ఏం చెడగొడతానో అని. అది నా పక్కనున్న పీట మీద కూర్చుంది. "ఇంకోసారి చెప్పండి," అంది. "మొదటి నుంచి." చెప్పాను. మూడోసారి నేను పొగ ముందు చెప్పి నూనె తర్వాత చెబితే, అలా కాదని దిద్దింది. ఆ పూట దుప్పట్లు నానుతూనే ఉండిపోయాయి.

శుక్రవారం ఫారం ముందేసుకుని కూర్చున్నాను. నిద్ర గడిలో 'తలుపు దగ్గర, బూట్లతో' అని రాశాను. ఇతర విషయాల కింద చోటు చాలక వెనక్కి తిప్పి రాశాను. గలీబు, మూడు నీళ్ళు, బామ్ సీసాలు, దుప్పట్లు, అన్నీ. మా ఆయన చదివి కాగితం మెల్లగా కింద పెట్టాడు. "నీ చేత్తో నువ్వే రాసిచ్చేస్తున్నావు," అన్నాడు. కాగితం మీంచి చెయ్యి మాత్రం తియ్యలేదు. ఆయనకి పిల్ల మీద ఎంత మనసు పడిందో నాకు అప్పుడు తెలిసింది.

మర్నాడు క్లాసులో నర్సమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. "దుప్పట్లు ఎన్ని?"

"ముప్ఫై మేడం."

"మంచిది. ఆ పిల్ల మీ ఇంటికి వచ్చాక చేసిన మొదటి ఆరోగ్యమైన పని అదే." కాగితం మడిచింది. "కానీ రాసింది రాసినట్టు ఆఫీసుకి వెళ్ళాలి. వాళ్ళు దీన్ని ఎలా చదువుతారో నేను చెప్పలేను."

అక్కణ్ణుంచి నాకు పగలు పగలు కాదు. ఫోను మోగితే ఆఫీసే అనిపించేది. పిల్ల మాత్రం రోజూ స్కూలు నుంచి వచ్చి కౌంటరు చివర కూర్చుని, నోరు తెరిచి అడక్కుండా, నా వైపు చూసేది. నేను మొదటి నుంచి చెప్పేదాన్ని. ఒక్కోరోజు నా మాటకి అది ఒక మాట కలిపేది. పొగ ఎందుకు, బామ్ ఏ మోకాలికి. బూట్లు ఎప్పుడు విప్పడం మొదలుపెట్టిందో సరిగ్గా గమనించలేదు. ఒక పొద్దున్న బాయిలరు వెలిగించడానికి లేచి చూస్తే తలుపు దగ్గర బూట్లు మాత్రమే ఉన్నాయి. నేను అక్కడే, చీకటి మెట్టు మీద, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయాను.

వానాకాలం చివర, ఎనిమిదో శనివారం క్లాసు అయ్యాక వచ్చిన సోమవారం, ఆఫీసులో విచారణ. మా ఇద్దర్నీ వరండా బల్ల మీద కూర్చోబెట్టి పిల్లని ఒక్కదాన్నీ లోపలికి తీసుకెళ్ళారు. తలుపుకి గాజుముక్క ఉంది కానీ దాని మీద కాగితం అతికించారు. మా ఆయన గోళ్ళు కొరుకుతున్నాడు, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ అలవాటు నేను చూడలేదు. నా ఫారం వెనకవైపు గోడలోంచి కూడా కనిపిస్తున్నట్టే ఉంది. బామ్ సీసాల సంగతి రాయకుండా ఉండాల్సిందని ఒకసారి, రాసింది మేలే అని ఒకసారి అనిపించింది. హాస్టల్లో కౌంటరు ఉండదు. అరవైమంది గుడ్డలు ఒకే తొట్టిలో వేస్తారు.

ముప్పావుగంటకి ఆఫీసరమ్మ బయటికి వచ్చింది. చేతిలో నా ఫారమే.

"ఇది చదివి మా పెద్దాయన మిమ్మల్ని తీసేద్దామన్నాడు," అంది. మా ఆయన లేచి నిలబడ్డాడు. "అబద్ధం ఆడబోయినవాళ్ళు కదా అని. పిల్లని అడుగుదాం అన్నాను నేను. ఉంటావా, వెళ్తావా అంటే ఎప్పటిలా సరే అంటుందనుకున్నాం. అనలేదు. తిరిగి మమ్మల్నే అడిగింది."

"ఏమని?"

"మా అమ్మమ్మ వాసన తెలిసినవాళ్ళు ఆ హాస్టల్లో ఎవరైనా ఉన్నారా, అని."

ఆఫీసరమ్మ ఫారం మడిచి ఫైల్లో పెట్టుకుంది. ఏడాదికి పొడిగించారని, సంతకాలకి మళ్ళీ రావాలని ఆ తర్వాత చెప్పింది.

మర్నాడు ఎండ కాసింది. ఊళ్ళో ప్రతి మేడ మీదా గుడ్డలే. మూడు నెలల ముక్క వాసన వదిలించాలని నేను ఇల్లంతా ఊడదీసి బకెట్లు నింపుతున్నాను. పిల్ల నీలం గలీబు పట్టుకుని వచ్చింది. సంచీ అడుగు నుంచి అదెప్పుడు దిండు మీదికి ఎక్కిందో నాకు తెలియనే తెలియదు. గంజి పోయి మెత్తబడింది, మధ్యలో మాసి ఉంది. అలవాటు కొద్దీ చెయ్యి చాపాను. అది ఇచ్చింది కానీ ఒక అంచు వదల్లేదు.

"ముందు వాసన చూడండి," అంది.

చూశాను. "పెన్సిలు చెక్కు. మన షాపు సబ్బు. నిద్రపట్టిన చెమట."

"బామ్?"

"లేదమ్మా. ఇది నీ వాసనే."

అదీ ఒకసారి వాసన చూసుకుంది, నా మాట మీద నమ్మకం లేనట్టు.

"ఉతకనా?" అని అడిగాను.

"వద్దు," అంది.

నేను గలీబు వదిలేసి, బకెట్లో నీళ్ళు మొక్కకి పోసి, షాపు తలుపు తియ్యడానికి కిందికి దిగాను.